ఏడాది గూడ పట్టలే

జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగం కోసం, బాన్సువాడలో మా ఇంట్లోనే కూర్చుని ఫోన్‌లో జపనీస్ క్లాసులు వింటున్నాను. భాష పూర్తిగా రావడానికి ఎంతకాలం పడుతుందని మొదటి రోజే సారును అడిగాను. రెండేళ్లన్నాడు. మూడేళ్లయింది. మొన్న మళ్లీ అడిగితే, అది మనిషిని బట్టి ఉంటుందన్నాడు. ఒళ్లు మండి ఫోన్ పక్కన పడేశాను.

పక్కనే అమ్మ, తాను చుట్టిన బీడీలను ఇరవై ఐదేసి లెక్కపెట్టి కట్టలు కడుతోంది. అమ్మ పుట్టిల్లు మహారాష్ట్రలో. ముప్పై ఏళ్ల కిందట పెళ్లయి ఇక్కడికి వచ్చేనాటికి ఒక్క తెలుగు మాట కూడా రాదట. ఇప్పుడు మా వాడకట్టులో ఆమెతో తెలుగులో కొట్లాడి గెలిచినవాళ్లు లేరు.

"అమ్మా, నీకు తెలుగు మొత్తం ఎన్నేండ్లకు వచ్చింది?" అని అడిగాను.

"ఏడాది గూడ పట్టలే. నీ తీరు నోట్‌బుక్కులు నింపుకుంట కూసున్ననా?" అంది. అంతలోనే చేతిలోని బీడీల వంక చూసుకుని, "ఇగో, నీతోని మాట్లాడి లెక్క తప్పిన" అని కసురుకుంది.

బీడీలన్నీ తిరిగి చేటలో పోసి, మొదటి నుంచి మరాఠీలో అందుకుంది.

"ఏక్, దోన్, తీన్..."