మూడు గంటల ట్రిప్పు

మా కార్యాలయపు ఎలక్ట్రీషియన్‌కు ఇంగ్లీషులో తెలిసిన మాట ఒక్కటే: ట్రిప్పు. ఈ వాక్యం పూర్తిగా న్యాయమైనది కాదు. వైరు, ఫ్యూజు, స్విచ్చి ఆయనకు తెలుసు. కాని వాటిని వస్తువులకు మాత్రమే వాడేవాడు. ట్రిప్పును జీవితం మొత్తానికీ వాడేవాడు. అందుకే అందరికీ ట్రిప్పు బాబాయ్ అయ్యాడు.

ఒకసారి రెండు రోజులు రాలేదు. సంజాయిషీ అడిగాను.

"మా ఆవిడ ట్రిప్పయింది సార్."

"ప్రయాణమా?"

"కాద్సార్, గడప దగ్గర."

"అయ్యో, దెబ్బ తగిలిందా?"

"ఆవిడకెందుకు తగుల్తుంది? గడప దగ్గర నించుని నా మీద ట్రిప్పయింది. అయి, చెల్లెలింటికి ట్రిప్పేసింది. బతిమాలుకోడానికి నేను రెండు ట్రిప్పులు తిరిగాను."

నేను ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నవాణ్ణి. కర్తవ్యంగా భావించి నిఘంటువు తెరిచి ఆ పదానికి గల అర్థాలను, ప్రయాణం, కాలు తట్టుకోవడం, కరెంటు తెగిపోవడం అంటూ క్రమంగా వివరించాను. ఆయన చివరిదాకా శ్రద్ధగా విని, "ఇంతేనా సార్ అందులో ఉన్నవి?" అని జాలిపడ్డాడు.

ఇలా ఉండగా, మూడో అంతస్తులో ప్రతిరోజూ సరిగ్గా మూడు గంటలకు కరెంటు పోవడం మొదలైంది. పది నిమిషాలకు తిరిగి వచ్చేది. మేనేజరు గది కూడా ఆ అంతస్తులోనే.

"రోజూ మూడింటికే ఎందుకు పోతోందయ్యా?" అన్నారు మేనేజరు.

"ట్రిప్పు సార్."

"నిన్నా అదే అన్నావ్!"

"నిన్నా అదే అయింది సార్."

వారంలోగా కారణం తేలకపోతే బాబాయ్‌ని ఉద్యోగంలోంచి తీసేస్తామని ఉత్తర్వు వచ్చింది. నిష్పక్షపాతి అన్న చెడ్డపేరు నాకుంది కాబట్టి విచారణ నా నెత్తిన పడింది.

వైర్లు పరీక్షించాను, లోపం లేదు. కరెంటు వాడకం రెండు గంటలకు ఎంతో మూడుకూ అంతే. ఇక ప్రత్యక్ష సాక్ష్యమే శరణ్యమని, గురువారంనాడు స్విచ్చిబోర్డు ఎదుటి బీరువా చాటున నిలబడ్డాను. నా వయసుకు అది తగని పని. మూడుకు అర నిమిషం ఉందనగా బాబాయ్ వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. మెయిన్ స్విచ్చి కిందికి దించి, స్టూలు మీద కూర్చుని గడియారం చూసుకోసాగాడు.

మరుక్షణంలో, అదే అంతస్తులో కంప్యూటరు మీద టైపు చేసే అమ్మాయి నా పక్కనుంచే మెట్లు దిగి పరుగెత్తింది. కింద పసిపిల్లల గదిలో ఆమె నాలుగు నెలల బిడ్డ ఉంది. పని మధ్యలో లేవడానికి వీల్లేదని మేనేజరు ఆమె అర్జీని తిరగ్గొట్టిన సంగతి నాకు తెలుసు. పది నిమిషాలకు ఆమె ఆయాసపడుతూ పైకి వచ్చింది. వెనకే కరెంటూ వచ్చింది.

బీరువా చాటునుంచి బయటికి వచ్చాను.

"ఏమిటయ్యా ఇది?"

"ట్రిప్పు సార్," అన్నాడు, బెదరకుండా.

"ఎవరిది?"

"ఆ అమ్మాయిది. కిందికీ పైకీ కలిపి ఒకటే."

"నీ ఉద్యోగం పోతుందని తెలుసా?"

"తెలుసు సార్. బిడ్డ ఆకలికి ఉత్తర్వులు తెలీవుగా."

"ఆ అమ్మాయికి చెప్పావా?"

"అమ్మో, లేద్సార్. కరెంటే మంచిదనుకుంటోంది. అనుకోనివ్వండి."

నివేదికలో ఒక్క అబద్ధమూ రాయలేదు. "కారణం: ట్రిప్పు. నివారణ: పాలిచ్చే తల్లికి మూడు గంటలకు పావుగంట విరామం."

"వైరింగుకూ పాలకూ ఏమిటండీ సంబంధం?" అన్నారు మేనేజరు.

"సంబంధం ఉందని స్వయంగా పరీక్షించి తెలుసుకున్నాను. అమలు చేసి చూడండి. ఆపైన కరెంటు పోతే ఆయన్ని కాదు, నన్ను తీసేయండి."

విరామం మంజూరైంది. కరెంటు నిలిచింది, బాబాయ్ ఉద్యోగమూ నిలిచింది.

మూడు వారాల తర్వాత నా బల్ల మీదికి పంతొమ్మిది సంతకాల ఫిర్యాదు ఒకటి వచ్చింది. మూడు గంటలకు కరెంటు పోవడం అకస్మాత్తుగా ఆగిపోయినందువల్ల సిబ్బంది కళ్లకూ నడుములకూ విశ్రాంతి కరువైందనీ, బాధ్యులెవరో తేల్చాలనీ దాని సారాంశం. అంచున మేనేజరు స్వహస్తాలతో రాశారు: "నిజమే. నా కునుకూ పోయింది. వెంటనే విచారించండి."

సాక్ష్యాలన్నీ తూచి చూశాను. బాబాయ్‌ని పిలిపించి, తలుపు దగ్గరగా వేయమని, "రేపు మూడింటికి ఒక ట్రిప్పు కావాలయ్యా," అన్నాను.