అతుకు లేని కప్పు

మా పాత ప్రార్థన మందిరం కప్పును నిన్న పగలగొట్టడం మొదలుపెట్టారు. ఇటిక్యాల దగ్గరి మా ఊళ్ళో, దేవుని దయవల్ల, సంఘం పెరిగింది. ఆదివారం సగంమంది ఎండలోనే నిలబడాల్సి వస్తోంది. కొత్తకోట నుంచి మిషను తెచ్చినతను పొద్దుటినుంచి కొట్టి కొట్టి చెమట తుడుచుకుంటూ, "అతుకు దొరికితే ఆడికెళ్ళి ఇరగ్గొడ్తం. దీనికి అతుకే లేదు. ఎవరు పోసిండ్రయ్యా ఈ స్లాబు?" అన్నాడు. ఎదురింటి గోడవార కుర్చీలో మా మేనమామ కూర్చున్నాడు. ఆయనకిప్పుడు చూపు సరిగా ఆనదు. ఆయన జవాబు చెప్పేలోగా నాకు పెదనాన్న గుర్తొచ్చాడు.

మా ఇళ్ళవాళ్ళంతా పట్నాలకు వలసపోయి పరాయివాళ్ళ ఇళ్ళకు కప్పులు పోసినవాళ్ళే. వాళ్ళలో మేస్త్రీ అంటే మా పెదనాన్నే. ఎవరింటికి చుట్టంగా వెళ్ళినా ముందు పైకప్పు చూసేవాడు, ఆ తర్వాతే ఇంటివాళ్ళ ముఖం. "నన్ను చూడనీకి వచ్చిన్నాడు గూడ మా దూలాలే చూసిండు" అని పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. తన తాపీని పాటల పుస్తకంతోపాటు ఒకే సంచిలో, తెల్లగుడ్డలో చుట్టి పెట్టుకునేవాడు. మా అమ్మ తమ్ముడైన మేనమామ మరో గుంపుకు మేస్త్రీ. బావా బావా అని పిలుచుకుంటూనే ఒకరి పనికి ఒకరు వంకలు పెట్టుకునేవాళ్ళు.

ఈ మందిరం కట్టేదాకా మేము రేకుల కింద ఆరాధించాం. వాన వస్తే పాస్టరు అయ్యగారి వాక్యం మాకు వినిపించేది కాదు, చాపలు తడిసిపోయేవి. కూలి డబ్బుల్లోంచి కానుకలిచ్చి గోడలు లేపాం. స్లాబు మాత్రం ఒక్క పగలులో పోసేయాలి. మధ్యలో ఆపితే, ఆరిన కాంక్రీటు మాలుకూ పచ్చి మాలుకూ నడుమ అతుకు పడుతుంది. అందులోంచి నీళ్ళు దిగుతాయి. అంత కష్టపడీ మళ్ళీ తడి చాపలే.

ఆ రోజు అయ్యగారు ప్రార్థన ముగించేసరికే పడమట మబ్బు పట్టింది. మాలు కలిపే మిల్లరు తిరుగుతోంది. ఆడవాళ్ళం కింది నుంచి పైదాకా వరుసగా నిలబడి తట్టలు అందిస్తున్నాం. కాసేపటికి చూస్తే పైన పెదనాన్న మనుషులు తూర్పు నుంచి పోస్తున్నారు, మామ మనుషులు పడమటి నుంచి. రెండూ మధ్యలో కలిసేసరికి అతుకు తప్పదు.

"ఏంది బావా, గట్ల మొదలువెడ్తె నిచ్చెన కాడ ఇరుక్కపోతం" అన్నాడు మామ.

"కోళ్ళ షెడ్లు పోసెటోనివి, గుడి సంగతి నీకేం తెలుసు?" అన్నాడు పెదనాన్న.

ఇద్దరి మనుషులూ గొంతులు పెంచారు. తట్టలు చేతుల్లో ఆగిపోయాయి. వరుసలో నా పక్కనే ఉన్న నాయనమ్మ తల పైకెత్తి కొడుకును కేకేసింది: "ఇద్దరికి రెండు కప్పులు గావాల్నారా? వాన మాత్రం ఒక్కటే వస్తది!"

పెదనాన్న మబ్బు వంక చూశాడు. తను సాపు చేసిన చోటును చూశాడు. తర్వాత వంగి, అద్దంలా తీర్చిన ఆ పచ్చి మాలును తన చేత్తోనే తట్టల్లోకి ఎత్తసాగాడు. అది మొత్తం పడమటి వైపుకు పంపించి, తాపీ తెచ్చి మామ చేతిలో పెట్టాడు.

"చెప్పు బావా, ఏడ పొయ్యాల్నో. మేం మోస్తం."

పెదనాన్న పద్ధతే మంచిదేమో నాకు తెలియదు. పని తెలిసినవాళ్ళు అవునన్నారు. కానీ ఆయన కిందికి దిగి, ఆడవాళ్ళ వరుసలో నాకూ నాయనమ్మకూ మధ్య నిలబడ్డాడు. అది చూసి ఆయన మనుషులూ నోరు మూసుకుని తట్టలు పట్టారు. ప్రభు బల్ల నాడు రొట్టె పళ్ళెం అందించినంత నెమ్మదిగా, రెండు చేతులతో నాకు ఒక్కో తట్టా అందించేవాడు. పైన ఏదో తప్పుగా కనిపించినప్పుడల్లా నోటిదాకా వచ్చిన మాటను దగ్గుగా మార్చేసేవాడు. ఆ రోజు పాపం ఆయనకు చాలా దగ్గు వచ్చింది. చివరి తట్ట పైకి వెళ్ళి, టార్పాలిన్లు కప్పాక వాన మొదలైంది. అందరం తడుస్తూనే పాడాం.

ఆ కప్పు కింద ఒక్క చినుకూ పడలేదు. అక్కడే నేను ఆదివారం బడి పిల్లలకు పాఠాలు చెప్పాను. ప్రభువు నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి చెప్పేటప్పుడు, నా కళ్ళముందు మాత్రం సిమెంటుకు చేతులు పొక్కిన పెదనాన్నే ఉండేవాడు. ఈ కప్పు ఎవరు పోశారని అడిగితే, బతికున్నన్నాళ్ళూ ఆయన ఒకటే మాట చెప్పేవాడు: "మా బావ పోసిండు."

మిషనతను మళ్ళీ అడిగాడు. మామ ఆ కప్పు వైపే, కనబడకపోయినా, ముఖం ఎత్తి అన్నాడు: "మా బావ పోసిండు."

ఒక్క పగలులో మేము పోసినదాన్ని విడదీయడానికి ఇంకా మూడు రోజులు పడుతుందట. కాలం మనుషులను ఒక్కొక్కరినే పిలుచుకుపోతుంది. అందరూ కలిసి చేసినదాని దగ్గర మాత్రం కాసేపు ఆగుతుంది.