ఆ క్యాప్ తీయడం నా పని కాదనుకున్నాను

నాకు రాయడం సరిగ్గా రాదు. ఐదో తరగతి దాకా చదివాను, అది కూడా వానలు పడితే బడి ఎగ్గొట్టి. ఒత్తులు తప్పిపోతే, మాటలు ముందువి వెనక్కి పడితే మీరే సర్దుకుని చదువుకోండి. మా ఆయనకిచ్చి దిద్దించుకుందామంటే ఆయనకి కూడా తెలియని సంగతి ఇది.

నాలుగేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఎలాంటి బరువంటే, పులుసు నిండిన పెద్ద గిన్నె పొయ్యి మీద నుంచి దించాక పెట్టడానికి చోటు దొరక్క చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డట్టు. చేతులు కాలుతుంటాయి. వదిలేస్తే ఎవరి మీద పడుతుందోనని భయం. గుడికెళ్ళి దేవుడికి చెప్పుకున్నాను. ఆయన ఎవరికీ చెప్పడు కదా, అందుకే ఆయనకి చెప్పడం సులువు. మీకు చెప్పడం అంత సులువుగా లేదు.

మేము అమెరికాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా ఆయన ఒక రెస్టారెంట్‌లో వంట చేస్తాడు. నేను ఇంట్లో వండి మన వాళ్ళకి ఇస్తాను. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళు, వారానికి సరిపడా కూరలు, పప్పు, పచ్చళ్ళు పట్టుకెళ్తారు. అలా పరిచయమైంది సరోజ. ఇది తన అసలు పేరు కాదు. సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం. కడుపుతో ఉన్నప్పుడు గోంగూర తినాలనిపించి మా ఇంటికొచ్చింది. వండి పెట్టాను. తింటూ ఏడ్చింది. ఆ రోజు నుంచి నన్ను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది.

నాకు తోడబుట్టిన వాళ్ళు లేరు. ఆ మాట నాకెంతో మీకు తెలియాలని చెబుతున్నాను.

తనకి నేను అక్కనైతే తన భర్త ప్రసాద్ గారికి వదినని అయ్యాను. నేను ఆయన్ని మరిదిగారూ అనేదాన్ని. పాప అన్వి పుట్టాక, ఊళ్ళో తెలుగు ఆడవాళ్ళందరినీ ఆంటీ అని పిలిచినా నన్ను మాత్రం పెద్దమ్మా అనేది. అమెరికా యాసలో, 'ద్ద'ని మింగేస్తూ. ఆ పిలుపు వింటే నేను ఎంత పొంగిపోయేదాన్నో సరోజకి బాగా తెలుసు.

ఇక ఆ క్యాప్ సంగతి చెప్పాలి. అమెరికాలో వంట చేసే వాళ్ళందరికీ తెలిసిందే. ఇక్కడ ఇళ్ళల్లో సీలింగ్‌కి పొగ అలారం ఉంటుంది. ఎండుమిరపకాయలు వేసి పోపు పెట్టామంటే కుయ్యోమని మొదలుపెడుతుంది. అందుకని మన వాళ్ళు స్నానానికి పెట్టుకునే షవర్ క్యాప్ తీసుకెళ్ళి దానికి తొడుగుతారు. వంటయ్యాక తీసేస్తారు. సరోజ వాళ్ళింట్లో ఆ పని ప్రసాద్ గారిది. మనిషి పొడుగు, చేయి ఎత్తితే అందుతుంది. నేను మూకుడు పెట్టగానే సరోజ లోపల నుంచే అరిచేది, ఏవండీ, అక్క పోపు పెడుతోంది, క్యాప్ పెట్టండి అని. ఆయన వచ్చి పెట్టేవాడు. అయ్యాక గుర్తుగా తీసేవాడు. ఎంత గుర్తుగా అంటే అన్నం ముందు కూర్చున్నవాడు కూడా లేచి వెళ్ళి తీసొచ్చేవాడు. పసుపురంగు క్యాప్, దాని మీద నీలం చేపలు.

వాళ్ళకి గ్రీన్ కార్డ్ వచ్చింది. ఎన్నేళ్ళో వీసా భయంతో దేశం దాటని వాళ్ళు, ఆ సంతోషంలో జర్మనీ వెళ్దామన్నారు. అక్కడ మోసెల్ అని ఒక నది ఉంది. దాని పక్కనే మోటర్‌హోమ్‌లో తిరగాలని ప్లాన్. మోటర్‌హోమ్ అంటే ఇల్లు లాంటి బండి, లోపలే మంచాలు, పొయ్యి, బాత్‌రూమ్ అన్నీ ఉంటాయి. నన్ను కూడా రమ్మన్నారు. నువ్వు లేకుండా ఎలా వెళ్తాం అక్కా అంది సరోజ. నా టికెట్, నా వీసా అన్నీ తనే చూసుకుంది. మా ఆయన నవ్వాడు, వాళ్ళకి రొట్టెముక్కలు పడవు, నువ్వు వండి పెట్టాలి, అందుకే అన్నాడు. నేను ఆయన మీద కోప్పడ్డాను. రెండు రోజులు మాట్లాడలేదు కూడా.

ఎంత బాగుందో ఆ ఊరు. నది పాములా మెలికలు తిరుగుతుంది. రెండు పక్కలా కొండలు, కొండల మీద ద్రాక్ష తోటలు నిచ్చెనలు వేసినట్టు. నదికి ఆనుకుని బండ్లు పెట్టుకునే క్యాంపులు. ప్రసాద్ గారు ఆ పెద్ద బండిని సందుల్లాంటి రోడ్ల మీద ప్రాణాలు బిగబట్టి నడిపేవాడు. ఆ చేపల క్యాప్‌ని కూడా సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు. బండిలో కూడా అలారం ఉంది. అది పొగకే కాదు, మూసిన బండిలో పొయ్యి మండి గాలి విషంగా మారినా మోగుతుందని బండి ఇచ్చినతను చెప్పాడు. జాగ్రత్త అన్నాడు. అందరం విన్నాం. నేను కూడా విన్నాను.

అక్కడ క్యాంపుల్లో ఒక పద్ధతి ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళ తర్వాత రెండు గంటలు ఎవరూ చప్పుడు చేయకూడదు. బండి కూడా కదపకూడదు. మూడో రోజు సరిగ్గా ఆ వేళకే, క్యాప్ పెట్టే ప్రసాద్ గారు బయటికెళ్ళినప్పుడు, నేను చారుకి పోపు పెట్టాను. అలారం మోగింది. పక్క బండిలోని ముసలాయన వచ్చి తలుపు కొట్టి ఏదో అన్నాడు. సరోజ మొహం ఎర్రబడింది. నన్నేమీ అనలేదు. అనకపోవడం కూడా నాకు తెలిసింది.

మర్నాడు ప్రసాద్ గారు పొద్దున దోశలకి క్యాప్ పెట్టి, తిన్నాక తీసేశాడు. తీసి మడిచి స్పూన్ల సొరుగులో పెట్టడం నేను కళ్ళారా చూశాను. తర్వాత ఆయన, పాప నది వైపు వెళ్ళారు. నేను వంట మొదలుపెట్టాను. నిన్నటి సిగ్గు గుర్తుంది కదా. సొరుగులోంచి క్యాప్ తీసి, బల్ల మీదకెక్కి నేనే తొడిగాను.

సరోజ బయట కుర్చీలో కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతోంది. పిస్కాటవేలో ఉండే తన ఫ్రెండ్‌తో. ఇంగ్లీషులో మాట్లాడుతోంది, నాకు రాదనుకుని. నాకు మాట్లాడటం రాదు. వినడం వచ్చు. ఎన్నేళ్ళు విన్నాను అమెరికాలో.

ఫ్యామిలీ కాదు, మా కుక్ అంటోంది. నవ్వుతోంది. తర్వాత తెలుగులోకి వచ్చింది, ఆ ముక్క ఇంగ్లీషులో కుదరదనుకుంటా.

"అక్కా అని పిలిస్తే చాలే, పొంగిపోతుంది. ఎన్నిసార్లయినా వండుతుంది."

నా చేతిలో గరిటె ఉంది. పోపు మాడింది. ఆ మాడిన పోపే పప్పులో వేశాను. అందరూ వచ్చి తిన్నారు. బాగుందక్కా అంది సరోజ. నేను కూడా నవ్వాను. ఏ మనిషి మాట నాకు తోబుట్టువు అయిందో ఆ మనిషే దాన్ని నాకు వేసే బిస్కెట్టు చేసిందని ఎవరికి చెప్పుకోను? అంత దూరం దేశంలో, అదే బండిలో, అదే బల్ల దగ్గర?

తిన్నాక వాన మొదలైంది. చలి. ప్రసాద్ గారు క్యాంపు ఆఫీసుకి ఏదో అడగడానికి వెళ్ళాడు. సరోజ, పాప పడుకుంటామన్నారు. పైన గాలి కిటికీలోంచి చినుకులు పడుతున్నాయని సరోజ దాన్ని మూసేసింది. పొయ్యి అలా సన్నగా ఉండనీ అక్కా, వెచ్చగా ఉంటుంది అంది. సరే అన్నాను. గిన్నెలన్నీ టబ్బులో వేసుకున్నాను. క్యాంపులో గిన్నెలు కడుక్కోడానికి వేరే షెడ్డు ఉంటుంది, అక్కడికి వెళ్ళాలి.

తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాను. క్యాప్ అలాగే ఉంది. చేపలు కనిపించాయి.

ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతున్నది ఇదే. మర్చిపోయానా? లేదు. మర్చిపోతే ఇంత రాయను. చూశాను. బల్ల ఎక్కితే అందేది. అప్పుడు నా మనసులో వచ్చిన మాట ఉన్నదున్నట్టు చెబుతున్నాను. నేను వంటమనిషిని కదా, వండటం వరకే నా పని, ఆ క్యాప్ తీయడం నా పని కాదు, అది తీసే మనిషి వచ్చి తీస్తాడు. అంతే. వాళ్ళకేదో కావాలని అనుకోలేదు. పాప మీద ఒట్టు. కానీ పొయ్యి వెలుగుతోందని తెలుసు, కిటికీ మూసుందని తెలుసు, బండి ఇచ్చినతని మాట తెలుసు. ఇన్ని తెలిసిన మనిషి 'అనుకోలేదు' అంటే ఎవరు నమ్మాలి? నేనే నమ్మలేకపోతున్నాను.

గిన్నెలు తోముతూనే ఉన్నాను. తోమినవే మళ్ళీ తోమాను. తిరిగి వెళ్ళబుద్ధి కాలేదు.

ప్రసాద్ గారు అరవడం వినిపించి పరిగెత్తాను. ఆయన పాపని ఎత్తుకుని వానలోకి వచ్చేశాడు. పాప తల వెనక్కి వేలాడుతోంది. సరోజ మెట్ల మీద కూర్చుని వాంతి చేసుకుంటోంది. పక్క బండి ముసలాయనే ఫోన్ చేసి అంబులెన్స్ పిలిచాడు, తన గొడుగు పాప మీద పట్టుకుని నిలబడ్డాడు.

ఆస్పత్రిలో సరోజ త్వరగానే కోలుకుంది. పాప కళ్ళు తెరవడానికి తెల్లారింది. ఆ మధ్యలో వరండాలో ప్రసాద్ గారు నా దగ్గరికి వచ్చాడు. చేతిలో ఆ క్యాప్ ఉంది. ఎప్పుడు పీకాడో, ఎందుకు తెచ్చాడో.

"వదినా, పొద్దున దోశలప్పుడు పెట్టింది నేనే. తీశాననే అనుకుంటున్నా. కానీ ఇది పైనే ఉంది. నేను తీయడం మీరు చూశారా?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే సరోజ గది తలుపు తెరుచుకుని వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. నా వైపు చూసింది. మా కుక్ అన్న నోరు. నన్ను వెళ్ళగొడుతుంది, పోలీసులకి చెబుతుంది, దేశంకాని దేశంలో నన్నేం చేస్తారో అని భయం. భయం ఒక్కటే అంటే మళ్ళీ అబద్ధం. లోపల ఇంకొకటి కూడా ఉంది. ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని నమ్మి మోసపోవడం ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

"తీసినట్టు లేదు మరిదిగారూ."

ఆయన నమ్మేశాడు. ఎందుకు నమ్మడు? నేను వదినని కదా. ఆ పిలుపుని ఆయన ఎప్పుడూ ఉత్తుత్తికి వాడలేదు, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. క్యాప్‌ని ఉండ చేసి జేబులో పెట్టుకున్నాడు. సరోజ ఆయన్ని కాకుండా నన్ను పట్టుకుని ఏడ్చింది.

పాప బతికింది. కానీ మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కోసారి మాట కోసం వెతుక్కుంటుంది. స్కూల్లో పరీక్షకి కొంచెం ఎక్కువ టైమ్ ఇస్తారు. అది దానివల్లేనా అంటే డాక్టర్లు తేల్చి చెప్పరు. సరోజ తేల్చేసుకుంది. ఏడాది తిరక్కుండా ప్రసాద్ గారు మాకు దగ్గర్లోనే ఉన్న డబ్లిన్ అనే ఊళ్ళో వేరే అపార్ట్‌మెంట్ తీసుకున్నాడు. ఆయన కూడా తప్పు తనదే అన్నాడట లాయర్ ముందు. నాకు గుర్తులేదు కానీ నేనే అయి ఉంటాను అన్నాడట. పాప ఆదివారాలు పగలు నాన్న దగ్గరికి వెళ్ళొచ్చు. అక్కడ నిద్రపోకూడదు. ఎంత ఆలస్యమైనా పడుకోవడానికి ఫ్రీమాంట్ రావాలి. కారులో కునుకు పడుతుందేమోనని ఆయన దారంతా పాప చేత పాటలు పాడిస్తూ తీసుకొస్తాడు.

సరోజ నన్ను ఇంకా అక్కా అనే పిలుస్తుంది. ఇప్పుడు నిజంగానే పిలుస్తోందని నాకు అనిపిస్తుంది. తనకి ఎవరూ లేరిప్పుడు. కష్టం వస్తే నా ఒళ్ళో తల పెట్టుకుంటుంది. నేను ఎంతగానో కోరుకున్నది దొరికింది నాకు. దొరికాక దాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు. ఆ రోజు ఫోన్‌లో తను అన్న మాట నేను విన్నానని తనకి ఇప్పటికీ తెలియదు. అలా అనడం తన తప్పే. కానీ తను నాకు పాడుచేసింది ఒక మాట. నేను తనకి పాడుచేసింది ఒక ఇల్లు.

పోయిన వారం వాళ్ళింట్లో చపాతీలు వత్తుతున్నాను. అన్వి వచ్చి పిండితో చేపలు చేస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి అడిగింది.

"పెద్దమ్మా, డాడీ ఇంట్లో పడుకుంటే నేను మళ్ళీ లేవనా?"

లేస్తావమ్మా అన్నాను. మరి మమ్మీ ఎందుకు నో అంటుంది అని అడిగింది. నాకు చపాతీ గుండ్రంగా రాలేదు. ఆ రోజు నుంచి ఈ కాగితం రాస్తున్నాను. చింపి మళ్ళీ రాస్తున్నాను. ఎదురుగా నిలబడి చెబుదామని రెండుసార్లు వెళ్ళాను, సరోజ కాఫీ ఇచ్చింది, తాగి వచ్చేశాను.

ఈ పత్రిక వాళ్ళింటికి వస్తుంది. నేను వంట చేస్తుంటే సరోజ కౌంటర్ దగ్గర కూర్చుని నాకు చదివి వినిపిస్తుంది, నేను చదవడానికి తడుముకుంటానని. నా పేరు వేయొద్దని పత్రిక వాళ్ళని అడిగాను. మిగతా పేర్లు మార్చాను. పసుపు క్యాప్, నీలం చేపలు మాత్రం మార్చలేదు. అక్కడికి వచ్చేసరికి తన గొంతు ఆగుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. పొయ్యి కట్టేసి నిలబడతాను. మరిదిగారూ, మీరు తీశారు. నేను చూశాను. సొరుగులో పెట్టారు.

రాసేశాక చేతులు ఖాళీగా ఉన్నట్టుంది. ఇంకా కాలుతూనే ఉన్నాయి, కానీ ఖాళీగా ఉన్నాయి.

చదివిన వాళ్ళందరికీ దండాలు. ఇందులో రాత తప్పులు ఉంటే క్షమించండి. రాత తప్పుల గురించే అడుగుతున్నాను, మిగిలినదాని గురించి కాదు.