ఎండలో బోర్లించిన గ్లాసులు

ఇవాళ పొద్దున మా అమ్మాయి ఇల్లు ఫినాయిలుతో తుడుస్తుంటే తెనాలి ఆసుపత్రి వరండా నా కళ్ళముందుకొచ్చింది. విమలమ్మ గారు నాకు అక్కడే దొరికారు. మనసు చెదిరినవాళ్ళని కూర్చోబెట్టి, మాట్లాడించి బాగుచేయడం ఆవిడ పని.

అది ఎనభైల సంగతి. మాది రేపల్లె దగ్గర ఊరు. టీకొట్టులో మా పేటవాళ్ళకి గ్లాసులు వేరే. నిలబడి తాగి, మా గ్లాసు మేమే కడిగి, విడిగా బోర్లించి పోవాలి. ఒకరోజు వాన కొడుతోందని మా ఆయన యోహాను అక్కడి బల్ల చివర కూర్చున్నాడు. పెద్దకులం కుర్రాళ్ళు నేను చూస్తుండగానే బయటికి ఈడ్చి కొట్టారు. మంచాన పడ్డ మనిషి మళ్ళీ లేవలేదు. ఆయన్ని మట్టిలో పెట్టిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగలేదు. ఎవరో గొంతు నొక్కి పట్టుకున్నట్టుండేది. బాపట్ల ఆసుపత్రిలో గొంతంతా చూసి ఏ రోగమూ లేదన్నారు. చిక్కి పుల్లనయ్యాను. ఇలాగే ఉంటే బతకదు, తెనాలి తీసుకెళ్ళమని అక్కడి నర్సమ్మ మా అక్కకి చెప్పింది.

విమలమ్మ గారు నా ఎదురుగా కుర్చీ వేసుకుని, ఏం జరిగిందని అడిగారు.

"ఆయనదే తప్పండి. కూర్చోకుండా ఉండాల్సింది," అన్నాను.

"అందరిలాగే టీ కొనుక్కున్నాడు కదా?"

"కొనుక్కున్నాడండి."

"మరి తప్పేంటమ్మా?"

నాకు ఒళ్ళు మండింది. "మీకేం తెలుసండి మా సంగతి?"

"తెలీదు. అందుకేగా అడుగుతున్నా. నువ్వే చెప్పాలి."

ఆ రోజు ఆవిడ టీ తెప్పించారు. తాగి, అలవాటు చొప్పున గ్లాసు కడిగి వరండా గోడ మీద బోర్లించాను. ఆవిడ అది చూశారు. తర్వాతి వారం తన గ్లాసు కూడా కడిగి, తెచ్చి నా గ్లాసు పక్కనే ఎండలో బోర్లించారు.

"ఇందులో నీదేది?"

ఎంత చూసినా పోల్చుకోలేకపోయాను.

"పోనీ నాదేదో చెప్పు. చెప్పకపోతే ఇవాళ నిన్ను బస్సెక్కనివ్వను," అని నవ్వారు.

నవ్వబోయి ఏడ్చాను. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆ ఏడుపులోనే వానరోజు సంగతంతా బయటపెట్టాను. ఆయన నన్ను కేకేసింది, కొట్టు నిండా జనం చూస్తూ నిలబడింది, అంతా.

నెలల తరబడి వెళ్ళాను. మొదట గంజి దిగింది. చాలా రోజులకి మెత్తటి అన్నం దిగింది. కొట్టినవాళ్ళు మాత్రం ఊళ్ళో దర్జాగా తిరుగుతూనే ఉన్నారు. "వాళ్ళని నేనేం చేయలేను తల్లీ. వాళ్ళు చేసినదానికి నువ్వు తిండి మానేస్తావా?" అన్నారావిడ.

ఆవిడ ఇప్పుడు లేరు. పెద్దిళ్ళవాళ్ళు గట్టిగా పిలిస్తే ఇప్పటికీ గబుక్కున లేచి నిలబడతాను. ఆ భయం నాతోనే పోతుందేమో. మొన్న మనవరాలు, తాతయ్య ఎలా చనిపోయాడని అడిగింది. కొట్టి చంపారని చెప్పాను. ఆయన చేసిన తప్పేమీ లేదని కూడా చెప్పాను.