పిట్ట ముట్టని నాడు మామ అన్న మాట

కాలేజీలో విషాద నాటకం పాఠం చెప్పేటప్పుడు విలన్ అనగానే పిల్లలకు గుబురు మీసాలు, వికటాట్టహాసం గుర్తొస్తాయి. నాకు మా మేనత్త భర్త గుర్తొస్తాడు. ఇబ్రహీంపట్నంలో ఆయన్ని చెడ్డవాడన్న మనిషిని నేను చూడలేదు. చావుకైనా పెళ్లికైనా అందరికంటే ముందు ఆయనే ఉంటాడు.

మా నాయనమ్మ పోయిన మూడోనాడు పొలంలో పిట్టకు పెట్టాం. ఆకులో అన్నం, ఆమెకిష్టమైన తలకాయ కూర పెట్టి దూరంగా నిలబడ్డాం. పిట్ట ముడితే పోయినవాళ్ల మనసు నిమ్మళంగా ఉన్నట్టు. ఆరోజు కాకులు తుమ్మచెట్టు మీద కూర్చున్నాయే తప్ప దిగలేదు. ఎండ ముదిరింది. ముసలమ్మకు ఏం కోరిక మిగిలిందో అని తలా ఒక మాట అంటున్నారు.

నాయనమ్మను చివరిదాకా చూసుకున్నది మా చిన్నాయన. పెద్దకొడుకు, మా బాపు తుర్కయాంజాల్‌లో ఇల్లు కట్టుకుని, ఆఖరి రోజుల్లో ఆమె దగ్గరికి సరిగా రాలేకపోయాడు. ఆ బాధ ఆయన ముఖంలో కనిపిస్తూనే ఉంది.

అప్పుడు మామ బాపు భుజం మీద చెయ్యేసి మెల్లగా అన్నాడు: "చిన్నోని మీద అనుమానం పెట్టుకోకు బావా. అత్తను వాడు మంచిగనే చూసుకున్నడు."

అప్పటిదాకా ఎవరికీ ఏ అనుమానమూ లేదు.

బాపు తల తిప్పి తమ్ముడివైపు చూసిన చూపు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. తనను తాను తిట్టుకుంటున్న మనిషికి తిట్టడానికి ఇంకొకరు దొరికారు. ఆనాటి నుంచి అన్నదమ్ముల మధ్య మాటలు బంద్. మామ అబద్ధమాడలేదు, చాడీ చెప్పలేదు. ఎదుటివాడి గుండెలో పుండెక్కడుందో ఆయనకు తెలుసు, దాని మీద ప్రేమగా చెయ్యి వేశాడు. పోనీ ఆయనకేం దక్కిందంటే గజం భూమి కూడా దక్కలేదు. ఇద్దరూ ప్రతిదానికీ ఆయన్నే అడగడం మొదలుపెట్టారు, అంతే. తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న బాపుకు గుండె ఆపరేషన్ అయింది. లోపలికి తీసుకుపోయే ముందు "చిన్నోడు వచ్చిండా?" అని అడిగాడు. ఇన్నేళ్లలో తమ్ముడి ఊసెత్తడం అదే మొదలు. మంచం పక్కనున్న మామ "ఇప్పుడు గవన్నీ ఎందుకు బావా, జర నిమ్మళంగుండు" అని దుప్పటి సర్దాడు.

అంతకు కాసేపటి ముందే మందులకని కిందికి పోయి, దవాఖాన గేటు దగ్గర చిన్నాయనను చూశాను. "మామ పైకి రావద్దన్నడు బిడ్డా. నన్ను చూస్తే అన్నకు బీపీ పెరుగుతదట" అని కళ్లు తుడుచుకున్నాడు.

"చిన్నాయన కింద గేటు కాడనే ఉన్నడు బాపూ" అన్నాను. మామ ఈసారి దొరికిపోయాడనుకున్నాను.

ఆయన రెప్ప కూడా వేయలేదు. "అవ్ బావా, నేనే పిలిపించిన. నీ మనసు ఎట్లున్నదో చూసి తోలుకొద్దామని ఆగిన" అన్నాడు. తనే కిందికి పోయి చిన్నాయనను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అన్నను బతిమాలి ఒప్పించానని మెట్ల మీద చిన్నాయనకు చెప్పాడట.

అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. స్ట్రెచర్ కదులుతుంటే బాపు తమ్ముడి చెయ్యి వదలకుండా అన్నాడు: "నాకేమన్న అయితే, బావ మాట దాటకు."