రెండో సంతకు పనిచేసే మాత్ర

ఇదొక వీరగాథ. ఇందులో అరణ్యం ఉంది, పొగ ఉంది, కాలు పణంగా పెట్టిన యోధుడున్నాడు, నెలల తరబడి సాగిన పోరాటం ఉంది. ఇక్కడిదాకా చదివి కుర్చీలో ముందుకు జరిగినవాళ్లు మళ్లీ వెనక్కి ఆనుకోవచ్చు. అరణ్యం ఆసుపత్రి కిటికీలోంచి కనిపించేది, పొగ బీడీది, కాలు అంటే నిజానికి కాలి బొటనవేలు.

కోవిడ్ వార్డును మళ్లీ స్టోర్ రూముగా మార్చేసిన ఏడాది, దసరా అయ్యాక, సుక్మా జిల్లా కోంటా బ్లాకులోని ఒక సర్కారు ఆసుపత్రిలో పొగాకు మాన్పించే కౌన్సిలర్‌గా చేరాను. పోస్టు పేరు పొడుగు, జీతం పొట్టి, తరహా సంవిదా. అంటే ఏడాదికోసారి ఉంటామో ఊడతామో తేలే కాంట్రాక్టు. మూడేళ్లకు తేలింది. అలా ముప్ఫై ఒకటో ఏట రిటైరయ్యాను. ఉద్యోగ జ్ఞాపకాలు రాయడానికి ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

ఆసుపత్రిలో వరస ఇది. అందరికన్నా పైన బీఎంఓ సాబ్, బ్లాకు మొత్తానికి పెద్ద డాక్టరు. తర్వాత ఫార్మసిస్టు, నర్సులు, ల్యాబువాళ్లు, అంబులెన్సు డ్రైవరు, ఆఖర్న నేను. మందు రాసే అధికారం నాకు లేదు. చీటీ సాబ్ రాస్తారు, ఎలా వాడాలో నేను చెప్తాను, ఎందుకు పనిచేయలేదని జనం నన్నే అడుగుతారు.

చలి మొదలవుతున్న రోజుల్లో మరైగూడ వైపు నుంచి మడకం భీమయ్య వచ్చాడు. నలభై దాటని మనిషి. తాటిచెట్లు ఎక్కి కల్లు గీస్తాడు, సీజను కానప్పుడు కోళ్లు అమ్ముతాడు. కుడికాలి బొటనవేలి కొస నల్లబడి, పక్కన మానని పుండు. జగదల్‌పూర్‌లో సర్జన్ చూసి, బీడీ పొగకు కాలి రక్తనాళాలు మూసుకుపోతున్నాయని, మానకపోతే ముందు వేలు, తర్వాత పాదం తీసేయాల్సి వస్తుందని చెప్పి పంపించాడట. బొటనవేలు లేకపోతే మనకు చెప్పుల సమస్య. చెట్టెక్కేవాడికి అది సగం పట్టు. సీజను ముందుంది. అతని చెట్లు ఈ ఏటికి బామ్మర్ది ఎక్కుతాడని ఇంట్లో అప్పుడే మాట నడుస్తోంది.

సొంతంగా రెండుసార్లు మానాడట. రెండుసార్లూ మర్నాడు పొద్దున చెట్టు కింద మంది కూడేదాకానే. అక్కడ ఎవరైనా చుట్ట ఇస్తే వద్దనడమంటే మనిషినే వద్దన్నట్టు.

సాబ్ రాయ్‌పూర్ మనిషి, హిందీలోనే మాట్లాడేవారు. కిడ్నీల సంగతి, మనసు బాగాలేని రోజులేమైనా ఉన్నాయా అన్న సంగతి అడిగి, వారెనిక్లిన్ అనే మాత్ర రాశారు. మా దగ్గర ఉండేది కాదు. జిల్లా ఆసుపత్రికి ఇండెంట్ పెట్టి, అంటే కావాలని రాసి పంపి, తెప్పించాం. మాత్రలు అతని చేతికొచ్చేసరికి కల్లు సీజను మొదలైంది.

భీమయ్య మొదటి ప్రశ్న అందరిదే. ఎన్ని రోజులకు పనిచేస్తది? మా వైపు ఏ మందుకైనా కొలబద్ద మలేరియా గోలీ. మింగితే మూడు రోజుల్లో జరం దిగాలి. ఇది అలా కాదన్నాను. కోంటా బస్సులో కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తాం కదా, బుర్రలో నికోటిన్ కూర్చునే సీట్ల మీద ఈ మాత్ర అలా తువ్వాలు వేస్తుంది. బీడీ లోపలికి వస్తుంది, సీటు దొరకదు, మజా రాదు. అయితే బస్సంతా తువ్వాళ్లు పడడానికి వారం పైన పడుతుంది. అందుకే మొదటి వారం మోతాదు మెల్లగా పెంచుతారు. ఆ వారం తగ్గించగలిగినంత తగ్గించు, అదాటున ఆగకపోయినా మందు మానకు. రెండో వారం ముగిసేలోపు ఒక రోజు ఖాయం చేసుకుని ఆ రోజు నుంచి ముట్టకు. మందు మాత్రం పన్నెండు వారాలు.

“ఇదేంది తమ్మీ, వారం దాకా తాగినా పర్వాలేదంటవు? మాన్పించే మందా, తాపించే మందా?” అన్నాడు.

చివరికి తనే తేల్చాడు. “అంటే రెండో సంతకు బంద్. గంతేనా?” ఆ రోజు మా ఆసుపత్రి ముందు సంత. వారానికో సంత, రెండో సంత అంటే రెండు వారాలు. బ్రహ్మాండంగా అర్థమైందని తలూపాను. నా కౌన్సెలింగ్ ప్రతిభకు నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం ఆరో రోజున దిగింది. భీమయ్య, వెనకాల అతని భార్య లచ్చమ్మ వచ్చారు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. నీ మందు దొంగ మందన్నాడు. రెండో సంత నాడు బీడీ కట్ట పారేశాడట, అప్పటి నుంచి నిద్ర లేదు, పొద్దున గోలీ వేస్తే వాంతి, ఎవరు పలకరించినా కొట్టబుద్ధవుతోంది.

“సారూ, ఆ గోలీలు నాకియ్యిండ్రి,” అంది లచ్చమ్మ. “ఈయన అరుపులు విననీకి నాకే మందు గావాలె. నిన్న కోడిని తిట్టిండు. కోడి ఏం జేసింది?”

రెండో సంత అప్పుడే ఎలా వచ్చిందని అడిగాను. నన్నొక వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. కోళ్లు అమ్మేవాడు వారానికి మూడు సంతలు తిరుగుతాడు. ఎర్రబోరుది ఒకటి, గొల్లపల్లి వైపుది ఒకటి. నాలుగో రోజుకే అతని రెండో సంత అయిపోయింది. బస్సులో ఇంకా నాలుగు తువ్వాళ్లు కూడా పడకముందే డ్రైవరు బండి తీసేశాడన్నమాట. ఆ లెక్కన పన్నెండు సంతల కోర్సు నెలకే ముగిసేది.

సాబ్‌కు చెప్తే నవ్వు ఆపుకోవడానికి స్టెతస్కోప్ తుడుచుకున్నారు. తర్వాత గంభీరంగా చెప్పారు: ముందే ఆపడం తప్పేమీ కాదు, ఆ వేలికి మంచిదే, ఉండగలిగితే ఉండు. ఉండలేకపోయినా మందు ఓడిపోయినట్టు కాదు, ఇంకా మొదలే కాలేదు. వాంతి సంగతి మాత్రం అడిగి తెలుసుకున్నారు. చెట్టు కింద పరగడుపున కల్లుతో మాత్ర మింగుతున్నాడు. అది ఆపమన్నారు.

భీమయ్య ఉండలేకపోయాడు. ఇంటికి పోయే దారిలోనే వెలిగించాడని లచ్చమ్మే చెప్పింది. అయితే గోలీలు మానలేదు. అక్కడి నుంచి నాకు ఆసక్తి పెరిగింది, అతనికి కూడా. మా సంతకు వచ్చినప్పుడల్లా ఆగి, బీడీ రుచి ఎలా ఉందో కోడి ధర చెప్పినంత కచ్చితంగా చెప్పేవాడు. మొదట మామూలుగానే ఉందన్నాడు. తర్వాతి సంతకు, ఎండుగడ్డి తాగినట్టుంది, సగంలో పారేసిన అన్నాడు. కలలు మాత్రం సినిమాలా వస్తున్నాయట. చెట్టెక్కుతుంటే చెట్టు కొస రాదట, ఎక్కుతూనే ఉంటాడట. బాగుంది, ఇంకిన్ని గోలీలియ్యి అన్నాడు. అది ఆ మందు గుణమే, కొందరికి అలాగే వస్తాయని చెప్పాను.

అసలు రెండో సంత నాడు, మా లెక్క ప్రకారం, ఆపాడు. మర్నాడు పొద్దున చెట్టు కింద మళ్లీ చుట్ట వచ్చింది. ఇచ్చినవాడు బామ్మర్ది. ఆ చెట్టు మీంచి అప్పుడే దిగాడు, భీమయ్య చెట్టు మీంచి. భీమయ్య చుట్ట తీసుకున్నాడు. తీసుకుని చెవి వెనక పెట్టుకున్నాడు. వద్దనలేదు, తాగలేదు. ఆ వారం అతని చెవులు రెండూ ఖాళీగా లేవని, దుకాణం పెట్టుకోమని ఊరంతా ఎగతాళి చేసిందని లచ్చమ్మ చెప్పింది. నడుమ ఒక చావు ఇంట్లో రెండు బీడీలు తాగాడు. మాత్రలు ఆపలేదు, మర్నాటి నుంచి మళ్లీ ముట్టలేదు.

కోర్సు ముగిసేసరికి పుండు మానింది. నల్లబడ్డ కొస ఎండి రాలింది, గోరు పోయింది, వేలు మిగిలింది. జగదల్‌పూర్ సర్జన్ చూసి, ఇక కోయడానికేం లేదు, మళ్లీ తాగితే రమ్మన్నాడట. సీజను ఆఖర్న భీమయ్య తన చెట్టు తనే ఎక్కాడు. నేను చూడ్డానికి వెళ్లాను. చప్పట్లు కొట్టే ఏర్పాటేమీ లేదు. బామ్మర్ది కింద నిలబడి, కుండ జాగ్రత్త బావా, కుండ, అని మాత్రం అరిచాడు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒకటి. మందు ఎన్ని రోజులకు పనిచేస్తుందో చెప్పేముందు, ఎదుటి మనిషికి వారంలో ఎన్ని సంతలున్నాయో అడగాలి. మిగిలిన కాంట్రాక్టంతా అడిగాను.

ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇద్దరు ముగ్గురు భీమయ్యనే వెతుక్కుంటూ వచ్చారు. ఎట్ల గెలిచినవే అన్నా, ఆ గోలీ ఎట్ల పనిచేస్తది, చెప్పు అని చుట్టూ కూర్చున్నారు.

“అన్నం తిన్నంక ఏస్కో,” అన్నాడు భీమయ్య. “గ్లాసు నిండ నీళ్లు తాగు.”