కెమెరాకి పూసిన గంధం

మొన్న ఆదివారం మా మనవరాలు విశాఖపట్నం నుంచి వస్తూనే బీరువా మీదున్న నా పాత మోటారు కెమెరాని కిందికి దించింది. వాళ్ల కాలేజీలో రీలు కెమెరాలంటే మళ్లీ మోజు పుట్టిందట. కొత్త సెల్లులు వేసి ఎంత నొక్కినా అది పలకకపోయేసరికి, "తాతయ్యా, ఇది పని చెయ్యదేటి?" అంటూ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఫిల్ముకి అడ్డంగా ఉండే రేకు తీశామా, రీలు పెట్టె సరిగ్గా కూర్చుందా అని వరసగా చూసుకుంటూ వెళ్లి, అడుగున సెల్లుల అర మూత తీసేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

మన వయసు వాళ్లకి చెప్పక్కర్లేదు గాని, ఆ రోజుల్లో పెద్ద ఫిల్ము కెమెరా, అందులోనూ నొక్కగానే రీలుని తనే తిప్పుకునే మోటారు కెమెరా చోడవరంలో నాలాంటి స్టూడియోవాడి దగ్గర ఉండడమంటే సామాన్యం కాదు. పాతదాన్ని ఇచ్చేసి మరీ దీన్ని కొన్నాను. వడ్డాదిలో పెళ్లికి వెళితే జనం పెళ్లికొడుకుని వదిలేసి దీని గరగర వినడానికి నా చుట్టూ చేరేవారు, నాకు పొగరు తలకెక్కేది. ఏటా దసరాకి మా ఆవిడ దీన్ని పీట మీద పెట్టి, గంధం పూసి, కుంకుమబొట్టు పెట్టి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకునేది. కూడు పెట్టే వస్తువు కదా మరి!

కె.కోటపాడు దగ్గర పల్లెలో చెరకు పండించే మా మామగారికి ఫోటో అంటే భయం. తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆయన గట్టి నమ్మకం, చివరికి మా పెళ్లి ఫోటోల్లో కూడా ఆయన లేరు. అలాంటి మనిషి, ఒక దసరా వెళ్లిన వారానికి, మంచంలో ఉండి, కూతురు ఏడ్చి బతిమాలితే సరేనన్నారు. ఉతికిన పంచె కట్టించి, వాకిట్లో ఎండపొడలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పండగయ్యాక కెమెరా బయటికి తియ్యడం అదే మొదలు. నేను నొక్కాను. కెమెరా పలకలేదు. సెల్లులు మార్చాను, రేకు చూశాను, రీలు తీసి మళ్లీ పెట్టాను. చెమటలు పట్టాయి గాని అది మాత్రం కిక్కురుమనలేదు. ఆయన దగ్గుతూనే నవ్వి, "నా మొకం సూసి మీ మిసను జడిసిపోనాదేటి అల్లుడు బాబూ" అన్నారు.

చోడవరంలో ఇంకో స్టూడియో ఆయన్ని పిలుద్దామని మా ఆవిడ అంది. మా మామగారి ఫోటో ఇంకొకడు తియ్యడమేమిటని నేనే వద్దన్నాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి విశాఖపట్నం వెళ్లాను. అక్కడ కెమెరాలు బాగుచేసే పెద్దాయన సెల్లుల అరలోకి అద్దం పెట్టి చూసి, అట్టడుగున సెల్లులు ఆనే రేకు మీద ఎండిపోయిన గంధాన్ని స్పిరిటుతో తుడిచాడు. అంతే, కెమెరా గరగరమంది. "మూత తెరిసుంచి పూజ సేసినారేటి బాబూ?" అన్నాడాయన. అప్పుడు గుర్తొచ్చింది నాకు. పండగ ముందు రోజు సెల్లులు తీసి పక్కన పెట్టి, మూత వెయ్యకుండా వదిలేసింది నేనే.

సాయంత్రానికి పల్లె చేరేసరికి వీధి అరుగు మీద జనం ఉన్నారు. మామగారు మధ్యాహ్నమే పోయారు. నన్ను చూడగానే కెమెరా బాగయిందా అని అడిగింది మా ఆవిడ, ఏడుస్తూనే. మూత సంగతి అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు సరికదా, నలుగురిలో, "నీ గంధమే కొంప ముంచింది" అని అరిచాను. ఛీ, ఆ మాట అన్న నోటికి ఇప్పటికీ సిగ్గులేదు, అన్నం తింటోంది. ఆవిడ ఆ తర్వాత దసరాల్లో కెమెరాకి దూరంగా నిలబడి దణ్ణం పెట్టేది. ఎప్పుడు ఫోటోకి కూర్చోమన్నా, "మా నాన్నకి లేనిది నాకెందుకు" అనేసేది. ఊరందరికీ ఫోటోలు తీసిన నా ఇంట్లో, గోడ మీద దండ వేసిన ఆవిడ ఫోటో, ఆధార్ కార్డులోంచి నేను పెద్దది చేయించింది.

మనవరాలి సెల్లులు తిరగేసి ఉన్నాయంతే. సరిగా పెట్టి, మూత వేసి, వేశానో లేదో రెండుసార్లు తడిమి చూసుకుని ఇచ్చాను. కెమెరా గరగరమనగానే పిల్ల కేరింతలు కొట్టింది. ఈ కాలంలో పురిటి బిడ్డకి కూడా వేలకొద్దీ ఫోటోలు, ఎవరి ముఖమూ ఎక్కడికీ పోదు. మా మామగారి ముఖం మాత్రం మా ఆవిడ పోయాక నా కళ్లల్లోనే మిగిలింది, నాతోనే పోతుంది. మూత సంగతి ఇన్నేళ్లకి మీతో చెప్పాను. చెప్పవలసిన మనిషికి మాత్రం చెప్పలేదు.